నవ్వించే జానపద బ్యాండుని ఊరూరా తిప్పడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం వైపు టూర్ వేసేవాళ్ళకి మొత్తం గైడు

మేం ఐదుగురం. హార్మోనియం ఒకటి, డోలక్ ఒకటి, జముకు ఒకటి, గిటారు ఒకటి, ఐదోవాడికి డప్పు, అది పగిలిపోయిన రోజు వాడికి నోరే వాయిద్యం. కీబోర్డు లేదు, ప్యాడ్లు లేవు, ట్రాకులు అసలే లేవు. పాటలన్నీ నవ్వులాటవే, సొంతంగా కట్టుకున్నవే. కొన్నేళ్ళుగా విజయనగరంలో బయల్దేరి ఇచ్ఛాపురం దాకా ఊళ్ళు తిరుగుతున్నాం, మధ్యలో బొబ్బిలి, పార్వతీపురం వైపు కూడా ఓ చుట్టు. చాలామంది కుర్రాళ్ళు "అన్నా మేం కూడా ఇలా వెళ్దామనుకుంటున్నాం, ఏం చెయ్యాలి" అని అడుగుతుంటే ప్రతిసారీ ఫోన్లో చెప్పలేక ఇలా రాసేస్తున్నా. ఒక్కటి మాత్రం ముందే చెప్తా, కింద రాసినవన్నీ దాని కోసమే: మామూలు పాట సగం వినపడినా జనం ఊగుతారు, నవ్వులాట పాటలో చివరి మాట వినపడకపోతే అంతే సంగతులు, నువ్వు ఎంత బాగా పాడినా వెనకాలున్న మావ పక్కోణ్ణి "ఏటన్నాడ్రా?" అని అడుగుతాడు, వాడు చెప్పేలోపు నువ్వు రెండో చరణంలో ఉంటావ్.

1. ముందు నెల చూసుకోండి

అక్టోబర్‌లో విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం ఉంటుంది, దసరా అయ్యాక వచ్చే మంగళవారం, జనం ఇసకేస్తే రాలరు, అప్పుడే మొదలెడదాం అని అందరికీ ఆశే. కానీ అదే నెల తుఫాన్ల నెల. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న, రెండూ మనవైపే వచ్చినవి. పైగా అంత గోలలో మనలాంటి కరెంటు వాయిద్యాలు లేని బ్యాండు ఎవరికీ వినపడదు, అక్కడ తప్పెటగుళ్ళ వాళ్ళే నిలబడగలరు, వాళ్ళ రేకు తప్పెటలు అరకిలోమీటరు కొడతాయి.

మా లెక్కలో సంక్రాంతి కనుమ నుంచి ఉగాది దాకా మంచి కాలం. కోతలు అయిపోయి ఉంటాయి, చేతిలో కాస్త డబ్బాడుతుంది, వలసెళ్ళినోళ్ళు పండక్కి దిగుతారు, తర్వాత ఒక్కో ఊళ్ళో అమ్మవారి పండగలు మొదలవుతాయి. ఏప్రిల్, మే లో ఎండకి మనుషులు తట్టుకున్నా వాయిద్యాలు తట్టుకోవు.

2. రూటు

హైవే పట్టుకుని పోతే పని సులువే, విజయనగరం నుంచి శ్రీకాకుళం సుమారు 70 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి నరసన్నపేట, టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం వరసగా 16వ నంబరు హైవే మీదో, దానికి కాస్త పక్కనో తగుల్తాయి. బండి లేనోళ్ళు ప్యాసింజర్ రైల్లో కూడా వెళ్ళొచ్చు, చీపురుపల్లి, పొందూరు, శ్రీకాకుళం రోడ్డు, తిలారు, నౌపడ, పలాస అన్నీ ఒకే లైను. కొత్తవాళ్ళు మర్చిపోయేది ఏటంటే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, శ్రీకాకుళంలో కాదు, డోలక్ నెత్తిన పెట్టుకుని దిగాక ఇంకో పది కిలోమీటర్ల పైన ఆటో. రెండో చుట్టు బొబ్బిలి, పార్వతీపురం వైపు, అది రాయ్‌పూర్ లైను.

రెండు చుట్లనీ ఒకే వారంలో కలపకండి. మేం మొదటిసారి ఏడు రోజుల్లో తొమ్మిది ఊళ్ళు పెట్టుకున్నాం, అయిదో రోజుకి మా హార్మోనియం బావ ఎవరితోనూ మాట్లాడ్డం మానేశాడు, పాటలో తప్ప. రెండు రోజులు ఆట, ఒక రోజు ఖాళీ, అలా పెట్టుకోండి. బొబ్బిలి దగ్గర ఖాళీ దొరికితే గొల్లపల్లి వెళ్ళి వీణలు చేసేది చూడండి, పనసచెక్క దుంగలోంచి వీణ మొత్తం ఏకాండీగా చెక్కుతారు, ఆ ఉలి చప్పుడు విన్నాక మా గిటారు కుర్రాడు తన గిటారుని రెండు రోజులు చాలా మర్యాదగా పట్టుకున్నాడు.

3. బేరం, బయానా, పర్మిషన్

ఊరి పెద్దలతో గానీ పండగ కమిటీతో గానీ ఫోన్లో మాట్లాడినప్పుడు మూడు విషయాలు తేల్చేయండి: ఎన్ని గంటలు, భోజనాలు ఎవరివి, మైకు సెట్టు ఎవరిది. బయానా కనీసం డీజిల్‌కి సరిపోయేంత ముందే వేయించుకోవాలి. మొహమాటపడితే ఏమవుద్దో చెప్తా, ఒకసారి ఒక ఊరికి వెళ్ళేసరికి అదే రాత్రికి వేరే డాన్స్ ప్రోగ్రాం కూడా మాట్లాడేసుకున్నారు, మమ్మల్ని చూసి "మీరు కూడా వచ్చీసినారా" అన్నారు. కూడా అంట. ఆ రాత్రి టిఫిన్ తిని తిరుగు టపా.

పర్మిషన్‌కి కమిటీవాళ్ళతో స్టేషన్లో కాగితం పెట్టించండి, కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. శబ్ద కాలుష్యం రూల్స్ 2000 నుంచీ ఉన్నాయి, రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా లౌడ్‌స్పీకర్లు కుదరవు, పండగలకి ప్రభుత్వం కొన్ని రోజులు 12 దాకా సడలింపు ఇస్తే ఇవ్వొచ్చు. "మైకు ఆపేసి ఊరికే వాయిస్తాం కదా" అని తెలివి చూపించొద్దు, ఆరుబయట వాయిద్యాలు కూడా ఆ రూల్ కిందికే వస్తాయి. అందుకే మేం 7:30కి మొదలెట్టి 9:45కి మంగళం పాడేస్తాం. ఇంకో తిరకాసు, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక పార్వతీపురం, సాలూరు, పాలకొండ మన్యం జిల్లాలోకి వెళ్ళాయి, రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది. పాత అలవాటు మీద కాగితం వేరే ఆఫీసుకి పట్టుకెళ్తే ఒక పూట పోయినట్టే.

4. వాయిద్యాలు సర్దడం

హార్మోనియంతోనే మొదలు, ఎందుకంటే దాని శృతి మారదు, మిగతావాళ్ళందరూ దానికి కలుపుకోవాల్సిందే. మేం రెండున్నర శృతిలో పాడతాం, గిటారు మెడ మీద క్యాపో, అదే తీగలన్నీ నొక్కి పట్టే క్లిప్పు, బిగిస్తే సరిపోద్ది. తిత్తులు మూసి కొక్కేలు పెట్టి, దుప్పట్లో చుట్టి ఎక్కించండి. దుమ్ము పడి ఒక మెట్టు పలకడం మానేస్తే కంగారొద్దు, లోపల దాని రీడు, అదే పలికే ఇత్తడి నాలుక, కింద పల్చటి కాగితం ముక్క పోనిచ్చి మెల్లగా లాగితే చాలాసార్లు మళ్ళీ పలుకుద్ది. మా బావ జేబులో ఎప్పుడూ ఒక పాత శుభలేఖ ముక్క ఉంటుంది, ఎవరి పెళ్ళిదో కూడా తెలీదు.

డోలక్ ఎండలో ఆపిన బండి డిక్కీలో వదిలెయ్యకండి, ఎడమవైపు లోపల పట్టించిన మసాలా బీటలేస్తే ఆ గుమ్మనే మోత మళ్ళీ రాదు. గిటారు కూడా అంతే, వేడికి జిగురు వదులుతుంది, తీగలు కాస్త వదులు చేసి పెట్టండి. తీగల సెట్లు రెండు ఎక్కువే తీసుకెళ్ళండి, తెగేది ఎప్పుడూ మొదటి తీగే, పైగా ఊళ్ళో ఏ కొట్లోనూ దొరకదు.

డప్పు సంగతి వేరు. సంక్రాంతి రోజుల్లో పొద్దుగూకగానే మంచు పడుద్ది, చర్మం చెమ్మ పీల్చి వదులైపోద్ది, కొడితే తడి గోనెసంచి మీద కొట్టినట్టుంటుంది. ఆటకి అరగంట ముందు ఎండుగడ్డో, తాటాకో మంట వేసి, దూరంగా తిప్పుతూ కాచి, వేలితో తట్టి చూడండి, కణకణమన్నాక ఆపండి. ఎక్కువ కాస్తే చిరిగిపోద్ది. ఫైబర్ డప్పులకి ఈ బాధ లేదు గానీ నాకైతే ఆ చప్పుడు నచ్చదు, స్టీలు కంచం కొట్టినట్టుంటాది. డప్పు కాచే మంటని తక్కువగా చూడొద్దు, మైకులో ఎంత పిలిచినా రాని జనం ఆ మంట చూసి వచ్చేస్తారు.

జముకు గురించి తెలీనోళ్ళకి: చిన్న బిందెలా ఉంటుంది, ఒకవైపు చర్మం, చర్మం మధ్యలోంచి ఒక తీగ, తీగ చివర చిన్న పుల్ల. చంకలో ఇరికించుకుని పుల్ల పట్టి తీగ లాగుతూ మీటితే, లాగేకొద్దీ స్వరం పైకి పోద్ది, వదిలితే కిందికి జారుద్ది. మనిషి మూలిగినట్టు, అలిగినట్టు, ప్రశ్న వేసినట్టు పలుకుద్ది. జముకుల కథ వాళ్ళ దగ్గర వింటే తెలుస్తాది, కథ చెప్పేవాడికి సగం జవాబులు జముకే చెప్తుంది. నవ్వించే బ్యాండుకి ఇంతకన్నా మంచి వాయిద్యం నాకు తెలీదు.

5. ఊళ్ళోకి దిగాక నేరుగా టీకొట్టుకి

మధ్యాహ్నం మూడింటికే చేరండి. స్టేజీ తర్వాత, ముందు టీ తాగుతూ కూర్చోండి, ఆ ఊరి సంగతులు వినండి. కోతులు ఎవరి పెరట్లో పడ్డాయి, కుళాయి ఎన్నింటికి వస్తుంది, సిగ్నల్ ఎక్కడ దొరుకుద్ది, ఇలాంటివి రెండు పాటల్లో ఇరికిస్తే జనం మీ వాళ్ళైపోతారు. మనుషుల పేర్లు, కులం, పార్టీ జోలికి మాత్రం పోవద్దు. సర్పంచి గారి మీద జోకు ఎయ్యమని మిమ్మల్ని ఎగదోసే కుర్రాడు ప్రతి ఊళ్ళో ఒకడుంటాడు, వాడి టీ తాగండి, మాట వినకండి.

టీకొట్టు దగ్గర అసలు తెలుసుకోవాల్సింది ఏ జోకు వెయ్యకూడదో. మాకొక నీళ్ళ పాట ఉంది, విజయనగరంలో పడీ పడీ నవ్వారు. అదే పాట ఉద్దానం వైపు ఒక ఊళ్ళో ఎత్తుకున్నాం. మొదటి చరణం అయ్యేసరికి మా డోలక్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఎన్నో ఇళ్ళల్లో కిడ్నీ జబ్బు మనుషులున్నారు, నీళ్ళ మాటెత్తితే వాళ్ళకి ఏం గుర్తొస్తుందో మాకు తట్టలేదు. ముందు వరసలో ఒక పెద్దావిడ మమ్మల్ని కోపంగా కాదు, జాలిగా చూసింది. పాట అక్కడే ఆపేసి దండం పెట్టి వేరేది ఎత్తుకున్నాం. పార్వతీపురం వైపు ఏనుగుల మీద కూడా అంతే, ఒడిశా నుంచి వచ్చిన గుంపు పొలాలు తొక్కి మనుషుల్ని కూడా చంపింది, మనకి దూరం నుంచి తమాషాగా అనిపిస్తాయి గానీ వాళ్ళకి రాత్రి నిద్ర ఉండదు. మత్స్యకారుల ఊళ్ళల్లో మగాళ్ళు గుజరాత్ బోట్ల మీదుంటారు, వలస మీద జోకు వెయ్యొచ్చు గానీ ఆడవాళ్ళు ముందు నవ్వారా లేదా చూసి రెండో చరణానికి వెళ్ళండి.

ఇచ్ఛాపురం దగ్గరకి వచ్చేసరికి జనంలో ఒడియా వాళ్ళు బాగా ఉంటారు. మాటల మీద ఆడే జోకులు సగం పడవు. అక్కడ జముకునీ డోలక్‌నీ కొట్లాడుకోనివ్వండి, మొగుడూ పెళ్ళాల్లాగ, దానికి భాష అక్కర్లేదు.

6. మైకు సెట్టు తమ్ముడితో స్నేహం

ఈ ముక్క రెండుసార్లు చదవండి. ఊళ్ళల్లో మైకు సెట్టు కుర్రాళ్ళు ఎకో ఫుల్లు పెడతారు, భజనకి బాగుంటుంది గదా అని. మన పాటకి అది విషం. మా సిగ్నల్ పాటలో చివరి మాట "సిగ్నలొచ్చీసింది... సీసింది... సింది" అని తిరుగుతుంటే ఎవడు నవ్వుతాడు? తిట్టొద్దు, ముందు ఒక టీ ఇప్పించి, "తమ్ముడూ, ఎకో సున్నాకి దించి, బేస్ కాస్త తగ్గించి ట్రెబుల్ కొంచెం పెంచమ్మా, మాట తేటగా రావాలి" అనండి. హల్లుల చప్పుడంతా పైనే ఉంటుంది, సుమారు 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య, బేస్ ఎక్కువైతే ఆ హల్లులు మునిగిపోతాయి, "కట్టు" కాస్తా "గడ్డు" లాగా వినిపిస్తుంది.

ఇంకోటి గొట్టం మైకులు. ఊరి చివర స్తంభాలకి కట్టేస్తారు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోద్ది, అంటే 100 మీటర్ల అవతల గొట్టంలోంచి వచ్చే మాట మీ ముందు కూర్చున్నోళ్ళకి 0.3 సెకన్లు లేటుగా చేరుద్ది, ఎకో తీసేసినా ఎకో వస్తూనే ఉంటుంది. జనం వైపు తిరిగున్న దూరపు గొట్టాలు ఆపించెయ్యండి, ముందున్న రెండు బాక్సులు చాలు. కమిటీవాళ్ళు "పక్కూరికి వినపడొద్దా?" అంటారు. పక్కూరోళ్ళు బయానా ఇవ్వలేదు గదా అనండి.

మైకులు రెండు చాలు, ఒకటి గొంతుకి, ఇంకోటి హార్మోనియం, గిటారు మధ్య మోకాలెత్తులో. డప్పు రెండడుగులు వెనక్కి. బాక్సులు ముందు, మైకులు వెనక ఉంటే ఆ కుయ్‌మనే కూత రాదు, మైకు తలని గుప్పిట్లో మూసి పట్టుకుంటే మాత్రం వస్తుంది, సినిమాల్లో చూసి అలా పట్టుకోకండి. నేల తడిగా ఉంటే చెప్పులేసుకునే నిలబడండి, ముందే టెస్టర్ పెట్టి మైకు చూడండి, పెదాలకి షాకు కొట్టాక ఏ చరణమూ గుర్తుండదు. జనరేటర్ని గోడ అవతల పెట్టించండి.

టెస్టింగ్ "హలో హలో" అని చెయ్యొద్దు. ఒక జోకు చెప్పండి. చివర మోటార్‌సైకిళ్ళ మీద కూర్చున్నోళ్ళు నవ్వితే సెట్టు కుదిరినట్టు.

స్టేజీ ఎత్తుగా ఉంటే దిగిపోండి. ట్రాక్టర్ ట్రాలీ సరిపోద్ది, దాని కింద బరకాలు పరిపించి పిల్లల్ని ట్రాలీకి ఆనించి కూర్చోబెట్టండి. చెదిరి కూర్చున్నోళ్ళకి నవ్వు అంటుకోదు, పక్కోడి భుజం తగిలితేనే అంటుకుంటాది.

7. పాటల వరస, ఆ ఒక్క ఆగడం

మొదటి పాట చిన్నది, మన మీద మనమే వేసుకునేది. మాది మా బావ బట్టతల మీద. రెండోది ఊరి సంగతులు ఇరికించినది. ఆ తర్వాత అసలైనవి. మధ్యలో ఒక్కటి నవ్వు లేని పాట పెట్టండి, వలస పాటో, కోత పాటో, లేకపోతే జనం నవ్వి నవ్వి అలిసిపోతారు.

ఇప్పుడు మా సిగ్నల్ పాటతో ఒకటి చూపిస్తా:

సెల్లు ఉన్నాది సిగ్నలు లేదు ఓలమ్మా
సింతసెట్టెక్కి అలో అన్నాడు ఓలమ్మా
కొమ్మ ఇరిగింది కాలు ఇరిగింది ఓలమ్మా
కట్టు కట్టీసరికి... సిగ్నలొచ్చీసింది ఓలమ్మా

మొదట్లో దీన్ని ఒకే ఊపులో పాడేసేవాళ్ళం, ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఇప్పుడు "కట్టు కట్టీసరికి" అన్నాక డోలక్ ఆగిపోద్ది. రెండు దెబ్బల ఖాళీ. ఆ ఖాళీలో జముకు ఒక్కసారి "ఊఁ?" అన్నట్టు పైకి లాగుతుంది. అప్పుడు మాట, పాడకుండా, మామూలుగా చెప్పినట్టు. తర్వాత నవ్వు సగానికి తగ్గేదాకా డోలక్ మళ్ళీ ఎత్తుకోకూడదు. పూర్తిగా ఆగేదాకా ఉంటే చల్లారిపోద్ది, ముందే ఎత్తుకుంటే నవ్వుని నొక్కేసినట్టవుద్ది. మా డోలక్ తమ్ముడు ఇది నేర్చుకోడానికి ఒక సీజన్ పట్టింది, ఇప్పుడు నాకన్నా వాడికే జనం బాగా తెలుసు.

తీగ తెగినా, శృతి దిగినా మధ్యలో మౌనం వద్దు, పిట్టకథ ఎత్తుకోండి. ఇది హరికథ వాళ్ళ విద్య. విజయనగరం సంగీత కళాశాల 1919లో పెట్టింది, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, హరికథా పితామహుడు, అలాంటి ఊళ్ళో పాడుతున్నాం అని గుర్తుంచుకోండి. అపస్వరం పలికితే ఇక్కడ పాన్‌షాపు తాతగారు కూడా తల అడ్డంగా ఊపుతాడు. నవ్వులాట పాట కదా శృతి ఎలా ఉన్నా పర్లేదు అనుకోవద్దు, శృతి బాగుంటేనే కావాలని తప్పు పాడిన చోట నవ్వొస్తుంది.

8. చదివింపులు

మంచి ఊపు మీద ఉండగా ఒకాయన వంద నోటు పట్టుకుని స్టేజీ ఎక్కేస్తాడు, వాళ్ళ మనవడి పేరు మీద చదివించమని. కాదంటే చిన్నబుచ్చుకుంటారు, ఆపితే జోకు చస్తుంది. మేం చేసేది: డప్పు కుర్రాడు ట్రాలీ చివర నిలబడి నోటుతో పాటు పేరు చీటీ తీసుకుంటాడు, పాట అయ్యాక అన్నీ ఒకే వరసలో పాట కట్టి చదివేస్తాం, ఒక్కో పేరుకి జముకు "ఆఁ" అంటుంది. ఇప్పుడు ఆ వరస కోసమే కొందరు చదివిస్తున్నారు. పేరు తప్పు చదివారో, మళ్ళీ సంవత్సరం ఆ వీధికి వెళ్ళలేరు. ఫోన్‌పే స్కానర్ కూడా డోలక్‌కి ఆనించి పెట్టండి, కానీ ఆ డబ్బులొచ్చాయని చెప్పే స్పీకరు డబ్బాని మాత్రం ఇంట్లో వదిలెయ్యండి, అది ఎప్పుడూ మన ఖాళీలోనే అరుస్తుంది.

9. కరెంటు పోతే

పండగ చేసుకోండి. వంశధార అవతల ఒక ఊళ్ళో మూడో పాటకే కరెంటు పోయింది, జనరేటర్ ఎంత లాగినా స్టార్ట్ కాలేదు. ట్రాలీ దిగి జనం మధ్యకి వెళ్ళిపోయాం, సెల్‌ఫోన్ లైట్లు వేశారు, పిల్లలు హార్మోనియం చుట్టూ మూగేశారు. గొంతు చించుకోలేదు, తగ్గించాం. తగ్గిస్తే జనమే దగ్గరికి జరుగుతారు, వెనకాలోళ్ళని వాళ్ళే "ఉష్" అంటారు. డప్పు వేళ్ళతో కొట్టాలి, పుల్లలు వద్దు. ఆ రాత్రి కరెంటు తిరిగొచ్చినప్పుడు లైట్లు ఆపెయ్యమని జనమే కేకలేశారు.

10. గొంతు, తిండి

ఆటకి ముందు కడుపు నిండా తినొద్దు, చోడి (రాగి) అంబలి ఒక గ్లాసు బాగుంటుంది. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోండి, నాటకాల వాళ్ళ పాత అలవాటు. ఆట అయ్యాక ఎలాగూ పెడతారు, పనసపొట్టు ఆవ పెట్టిన కూర పెట్టిన ఇంటిని డైరీలో రాసుకోండి. మాకైతే రూట్ మ్యాప్ అదే.

11. వాటాలు, సర్దుడు

డబ్బు ఆ రాత్రే, బండి ఎక్కేముందే, అందరి ముందూ లెక్కపెట్టండి. డీజిల్, తీగలు, టిఫిన్లు తీసేసి మిగిలింది సమానంగా, పాడేవాడికి ఎక్కువ అనే మాట రానివ్వకండి. తర్వాత ఫోన్ లైటు వేసి వస్తువులు సరిచూసుకోండి, క్యాపో, హార్మోనియం కొక్కేలు, డప్పు పుల్లలు, అన్నిటికన్నా ముఖ్యంగా జముకు తీగ చివర పుల్ల, అగ్గిపుల్లంత ఉంటుంది, పడిపోతే కనపడదు. మొన్న పలాసలో అది వెతుకుతూ హార్మోనియం పెట్టె తెరిస్తే మూడు చెప్పులు, ఒక అరిసె దొరికాయి, పుల్ల మాత్రం మా డోలక్ తమ్ముడు పళ్ళల్లో పెట్టుకుని కుట్టుకుంటున్నాడు.